మేనమామ పోలిక

సాత్విక్‌కి మూడో ఏడు నడుస్తున్నప్పుడు మా అక్క వసుంధర వాడి కాళ్ళు నాకు చూపించి మురిసిపోయింది. నాగాయలంకలో వాళ్ళింటి వసారాలో వాడిని స్టూలు మీద నిలబెట్టి, నిక్కరు పైకి లాగి, "చూడవే సూర్యం, పిక్కలు ఎలా కట్టాయో. అచ్చం మన భానుగాడివే" అంది. నిజంగానే వయసుకి మించిన పిక్కలు. నొక్కితే చెక్కలా తగిలాయి. పక్కింటావిడ కూడా వచ్చి చూసి, "మేనమామ పోలిక వచ్చిందమ్మా, అదృష్టవంతుడు" అని మెటికలు విరిచింది.

భాను సాత్విక్‌కి మేనమామ కాడు. వాడి అమ్మ సంజనకి మేనమామ. సంజన మా అక్క కూతురు. భాను మా ఇద్దరికీ తమ్ముడు. కానీ మా వైపు అమ్మ పుట్టింటి మగవాళ్ళ పోలిక ఏది వచ్చినా మేనమామ పోలికే అంటారు, మగపిల్లవాడికి అది కలిసొస్తుందంటారు. భాను పద్దెనిమిదేళ్ళకే పోయాడు. పోయేముందు కొన్నేళ్ళు మంచం దిగలేదు. వాడి పోలిక చెప్పుకుని సంబరపడటమేమిటని అడగాలనిపించింది, అడగలేదు. నేను దేనికైనా ముందు చెడ్డదే ఊహిస్తానని మా వాళ్ళందరికీ తెలుసు. ఫోను ఒకసారి మోగి ఆగిపోతే ఎవరో పోయారనుకుంటాను. మా ఆయన భోజనానికి కాస్త ఆలస్యంగా వస్తే కోనేరు సెంటర్‌లో ఏ లారీ కిందో పడ్డారనుకుంటాను. అందుకని నా భయాలకి మా ఇంట్లో విలువ లేదు. పోను పోను నాకే వాటి మీద నమ్మకం పోయింది. అక్క వాడి పిక్కలకి ఆముదం రాస్తుంటే, ఎంత బాగున్నాయో అని నేనూ అనేసి ఊరుకున్నాను.

మా అమ్మానాన్నలది మేనరికం. మా నాన్న శివరామయ్య మా అమ్మ సరోజినికి సొంత మేనమామ. గూడూరు దగ్గర మా ఊళ్ళో అప్పట్లో అది వింత కాదు. పొలం చీలకూడదని అలాగే చేసుకునేవారు. భానుకి ఐదారేళ్ళ వయసులో కాళ్ళు తేడాగా పడటం మొదలైంది. మునివేళ్ళ మీద నడిచేవాడు. కింద కూర్చుంటే లేవటానికి ముందు మోకాళ్ళ మీద, తర్వాత తొడల మీద చేతులు ఆనించి, తన ఒంటినే నిచ్చెన చేసుకుని ఎక్కినట్టు లేచేవాడు. పోలియో అన్నారు. తర్వాత బందరులో ఒక డాక్టరు, "మీ దంపతులిద్దరూ ఏమవుతారు?" అని అడిగి, చెప్పగానే, "ఇంకేం మరి, మేనరికం" అన్నాడట. ఆ ఒక్క మాట మా ఇంట్లో శాసనమైంది. భాను పోయాక నాన్న చేసిన మొదటి పని, మా పెళ్ళిళ్ళకి అప్పటికే అనుకుని ఉన్న దగ్గరి సంబంధాలు రెండూ తెంపెయ్యటం. అక్కని నాగాయలంక ఇచ్చారు. నన్ను బందరు ఇచ్చారు. ఏడు తరాలు వెనక్కి వెళ్ళినా మాకు చుట్టరికం లేని ఇళ్ళు. సంజన పెద్దదయ్యాక తన మేనత్త కొడుకుని చేసుకుంటానని పట్టుబట్టింది. పిల్లవాడు బుద్ధిమంతుడు, వాళ్ళకీ ఇష్టమే. మా అక్క అన్నం మానేసి పడుకుంది. "మేనరికం చేసి మీ తాతయ్య ఒక్కగానొక్క కొడుకుని పోగొట్టుకున్నాడు. నువ్వూ అలాగే పోగొట్టుకుంటావా?" అని ఏడ్చింది. ఆ మాటకి సంజన తలొంచింది. గుడివాడ సంబంధం చేశాం. మా అమ్మాయి భవితనీ గుడివాడకే ఇచ్చాం, వేరే ఇంటికి. జబ్బుని గడప అవతలే ఆపేశామని మా అందరి ధీమా. జీవితంలో నేను భయపడని విషయం ఏదైనా ఉందంటే అదొక్కటే.

సాత్విక్‌కి ఆరో ఏడు వచ్చేసరికి స్కూల్లో పడిపోతున్నాడని టీచరు కబురు పెట్టింది. మేడ మెట్లు ఎక్కలేకపోతున్నాడంది. ఒకరోజు నేను గుడివాడలో సంజన ఇంట్లో ఉండగా వాడు టీవీ ముందు నుంచి లేచాడు. ముందు మోకాళ్ళ మీద చేతులు, తర్వాత తొడల మీద. నా చేతిలో చిక్కుడుకాయల పళ్ళెం అలాగే ఉండిపోయింది. సంజన నా మొహం చూసి, "ఏంటి పిన్నీ, మళ్ళీ ఏం ఊహించావ్?" అని నవ్వింది. తల వంచుకుని చిక్కుడుకాయల ఈనెలు తీయటం మొదలుపెట్టాను. చెప్పినా అది నమ్మేది కాదు.

విజయవాడ తీసుకెళ్ళారు. రక్తంలో ఏదో వందల్లో ఉండాల్సింది వేలల్లో ఉందన్నారు. ఇంకో పరీక్షకి రక్తం ఎక్కడికో పంపించారు. జబ్బు పేరు డుషెన్ అట. కండరాలు మెల్లమెల్లగా కరిగిపోతాయట. పిక్కలు అలా లావుగా ఉండటం బలం కాదట, కండ పోయిన చోట కొవ్వూ నారా చేరటమట.

అన్నీ వచ్చాక ఇంకో డాక్టరమ్మ దగ్గరికి పంపారు, వంశపారంపర్యం సంగతులు చెప్పే ఆవిడ దగ్గరికి. సంజన మొగుడికి సెలవు దొరకలేదు. అక్క, నేను, సంజన వెళ్ళాం. ఇంగ్లీషు మాటలు అర్థం కావాలని భవిత కూడా వచ్చింది. దానికి అప్పుడే నెల తప్పింది. మూడో నెల వచ్చేదాకా ఎవరికీ చెప్పకూడదని నాకూ వాళ్ళత్తగారికీ తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఆ డాక్టరమ్మ చిన్నపిల్లలా ఉంది. మా అమ్మానాన్నలు, భాను, మేము, మా పిల్లలు, ఎవరికి ఎవరు పుట్టారో అన్నీ అడిగి, కాగితం మీద గుండ్రాలూ చతురస్రాలూ గీసి గీతలు కలిపింది. భాను లేచే తీరు నన్ను రెండుసార్లు చెప్పించుకుంది.

"మేనరికం చేసుకున్నందుకేనండీ ఇదంతా" అంది అక్క.

"కాదమ్మా. మేనరికంతో వేరే జబ్బులు వస్తాయి, ఆ మాట నిజమే. దీనికీ దానికీ సంబంధం లేదు. ఇది తల్లి వైపు నుంచి వస్తుంది. ఆడవాళ్ళకి సాధారణంగా ఏమీ తెలియదు, బాగానే ఉంటారు. వాళ్ళ మగపిల్లలకి బయటపడుతుంది. మీ అమ్మగారిలో ఉండి ఉంటుంది. మీ నాన్నగారు ఎవరైనా ఒకటే."

సంజన ఆ కాగితాన్ని తన వైపు తిప్పుకుంది. తర్వాత అడిగింది, "అంటే నన్ను మా బావకిచ్చి చేసినా ఇదే వచ్చేదా?"

"వస్తే వచ్చేది. ఇవ్వకపోయినా వచ్చింది కదా" అంది డాక్టరమ్మ. ఆవిడకి మా కథ తెలియదు. అందుకే మామూలుగా అనేసింది.

సంజన నవ్వింది. గట్టిగా కాదు, ముక్కుతో. "విన్నావా అమ్మా" అంది. అక్క కిటికీలోంచి బయట ఆటో స్టాండు వైపు చూస్తూ కూర్చుంది. పదేళ్ళ కిందట అన్నం మానేసి పడుకున్న సంగతి దానికి గుర్తొచ్చే ఉంటుంది.

తర్వాత డాక్టరమ్మ అక్క గుండ్రం లోపల చుక్క పెట్టింది. "తమ్ముడికి ఉంది, మనవడికి ఉంది. మధ్యలో ఉన్న మీలో పరీక్ష చేయకపోయినా ఉన్నట్టే" అంది. ఆ తర్వాత నా గుండ్రం దగ్గర పెన్ను ఆపి నా వైపు చూసింది. "మీరు చెల్లెలు. మీలో సగానికి సగం. ఉండొచ్చు, లేకపోవచ్చు. మీకు పిల్లలు?"

"ఒక్కతే అమ్మాయి" అన్నాను. భవిత నా పక్కనే ఉంది. ఆవిడ భవిత మొహం చూసింది, పొట్ట మీద పెట్టుకున్న చెయ్యి చూసింది. ఏమీ అడగకుండానే, "మీరిద్దరూ పరీక్ష చేయించుకోండి. త్వరగా" అంది. సంజన కూడా ఆ చెయ్యి చూసింది. మేము చెప్పకుండానే దానికి అలా తెలిసింది.

ఆ సాయంత్రం భవిత గుడివాడ వెళ్ళకుండా నాతో బందరు వచ్చింది. మా ఆయన రోల్డ్‌గోల్డ్ గాజుల పని చేస్తారు. ఇంట్లో ఎప్పుడూ పనికిరాని గాజులు ఒక డబ్బాలో పడుంటాయి. నాకు ఎంతకీ అర్థం కావటం లేదని భవిత ఆ డబ్బా తెచ్చి రెండు గాజులు నా ముందు పెట్టింది.

"ఈ రెండూ అమ్మమ్మవి. ఒకటి బాగుంది, ఒకదానికి పూత లేచిపోయింది. పిల్లలకి తలా ఒకటి ఇస్తుంది. ఏరి ఇవ్వదు, కళ్ళు మూసుకుని తీసిచ్చినట్టు. ఆడపిల్లకి నాన్న దగ్గర్నుంచి ఇంకో గాజు వస్తుంది. అది బాగుంటుంది కాబట్టి గడిచిపోతుంది. మగపిల్లాడికి నాన్న గాజు ఇవ్వడు. అమ్మ ఇచ్చిన ఒక్కటే. అది పూత లేచిందయిందో, భాను మావయ్య. అర్థమైందా?"

"మరి నాకు ఏదిచ్చిందే?"

"అదే కదమ్మా చూడాల్సింది. నీకు మంచిదిచ్చుంటే నా దగ్గర ఇక చెడ్డది ఉండదు. నీకు చెడ్డదిచ్చి, అది నువ్వు నాకిచ్చుంటే..." అని ఆపేసింది.

"నీదే ముందు చేయిస్తే సరిపోదా?"

"నన్ను ఆస్పత్రికి ఒక్కదాన్నే పంపిస్తారేంటి? మా అత్తగారు ప్రతిసారీ పక్కనే ఉంటారు. ఏం పరీక్ష, ఎందుకు అంటే ఏం చెప్పను? ఆవిడ మంచిదే. కానీ ఆవిడకి తెలిస్తే సాయంత్రానికల్లా తోడికోడళ్ళందరికీ తెలుస్తుంది. నీదిస్తే ఎవరికీ చెప్పక్కర్లేదు. నీలో లేకపోతే కథ అక్కడితో అయిపోతుంది. ఉంటే అప్పుడు చెప్దాం."

"మరి మీ ఆయన ధీరజ్‌కి?"

"ఆయనకి చెప్పాను. మీ అమ్మని తొందరగా వెళ్ళమను అన్నాడు."

మా ఆయన అన్నం తింటూ అంతా విన్నారు. "ఏమీ ఉండదులే" అన్నారు.

"ఉండదని మీకెలా తెలుసు?"

"తెలియదు. ఉందని నీకు తెలుసా?"

నాకు తెలుసనే నా ఉద్దేశం. సగానికి సగం అని ఆవిడ అన్నప్పుడే ఆ సగం ఎటు పడిందో నాకు ఖాయమైపోయింది. చిన్నప్పటి నుంచి నాకు మెట్లెక్కితే కాళ్ళు లాగుతాయి. మోకాళ్ళ నొప్పులని ఎప్పుడో ఒకసారి ఎక్స్‌రే కూడా తీయించుకున్నాను. ఆ రాత్రి నుంచీ స్నానాల గదిలో నా పిక్కలు నేనే నొక్కి చూసుకోవటం మొదలుపెట్టాను. గట్టిగా ఉన్నట్టుంటే అదేననుకునేదాన్ని. మెత్తగా ఉంటే కరిగిపోతున్నాయనుకునేదాన్ని.

రక్తం ఇవ్వటానికి వెంటనే వెళ్ళలేదు. సోమవారం ఉపవాసమన్నాను. తర్వాత బీపీ ఎక్కువుందన్నాను. ఆ వారం మా ఆడపడుచు వచ్చింది, ఇల్లు కదలటం కుదరలేదన్నాను. నాలుగోసారి భవిత ఫోన్‌లో గొంతు పెంచలేదు, మామూలుగానే అంది.

"అమ్మా, నువ్వు రక్తం ఇవ్వకపోయినా ఉన్నది ఉంటుంది."

"తెలియనంతసేపూ లేదేమో అనుకోవచ్చు కదే."

"నువ్వా? పుట్టిన దగ్గర్నుంచి ఒక్కసారైనా లేదేమో అనుకున్నావా నువ్వు? నాకు జలుబు చేస్తే క్షయ అన్నావు."

"నాలో ఉందని తేలితే నేను ఏ మొహంతో నీ మొహం చూడాలి? నీకు నేనే ఇచ్చినట్టు కదా."

"నీ మొహం సంగతి తర్వాత చూద్దాం. నాకు రోజులు గడుస్తున్నాయి. ఆ డాక్టరు త్వరగా అన్నది ఎందుకో నీకు తెలుసు" అంది.

తెలుసు. ఆ మాట నోటితో అనటం దానికీ ఇష్టం లేదు, నాకూ ఇష్టం లేదు. మర్నాడే మా ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్ళాను. రక్తం తీసిన అమ్మాయి, "ఇంతేనండీ" అని దూది పెట్టింది. ఇన్నేళ్ళుగా మా ఇంట్లో జరిగినదంతా ఆ చిన్న గొట్టంలో పోసుకుని పక్కనున్న పెట్టెలో పెట్టేసింది. బయటికొచ్చాక మా ఆయన చెరుకురసం తాగమన్నారు. తాగాను. రుచి తెలియలేదు.

ఫలితం రావటానికి వారాలు పడుతుందన్నారు. ఆ వారాలు ఎలా గడిచాయో రాయాలంటే రాయటానికేమీ లేదు. వండాను, తిన్నాను, పడుకున్నాను. అలసట మాత్రం ఒంట్లో ఉప్పులా పేరుకుంది. ఒక ఆదివారం భవితని చూద్దామని గుడివాడ వెళితే వాళ్ళత్తగారు కాఫీ ఇచ్చి కబుర్లలో పెట్టారు. పాపం ఆవిడ సంతోషం ఆవిడది.

"నడక చూస్తే మగపిల్లాడేననిపిస్తోంది వదినగారూ. ఎవరైతేనేంలెండి, ఆరోగ్యంగా పుడితే చాలు. మీ వైపు మగదిక్కు లేదు కదా. మీ తమ్ముడుగారు చిన్నప్పుడే పోయారని భవిత చెప్పింది. ఆయన పోలిక వస్తే బాగుండును, మీ అమ్మగారి ఆత్మ శాంతిస్తుంది."

కాఫీ గొంతులో అడ్డం పడింది. దగ్గు ఆగటానికి చాలాసేపు పట్టింది. ఆవిడ నా వీపు రాస్తూ, "నెమ్మదిగా తాగాలమ్మా, తొందరేముంది" అన్నారు. భవిత వంటింటి గుమ్మంలో నిలబడి నా వైపు చూడకుండా తల తిప్పుకుంది.

వెళ్ళేముందు సంజన ఇంటికి వెళ్ళాను, రెండు వీధుల అవతలే. మేడ మీద ఇల్లు వదిలేసి కింద వాటాకి మారారు. సంజన పిన్నీ అని పిలిచి కుర్చీ వేసింది. నా పరీక్ష సంగతి దానికి తెలుసు. మేము కూర్చున్నంతసేపూ స్కూలు గురించి, వాడి మాత్రల గురించి మాట్లాడుకున్నాం. ఆ మాత్రలకి వాడి బుగ్గలు ఉబ్బాయి. చూసినవాళ్ళంతా ఒళ్ళు చేశాడు, బాగున్నాడు అంటున్నారట. గేటు దాకా వచ్చి, "భవిత అన్నం సరిగ్గా తింటోందా?" అని అడిగింది. తింటోందని చెప్పాను. "తినమను" అని లోపలికి వెళ్ళిపోయింది.

రిపోర్టు భవిత ఫోనుకే వచ్చింది. దసరా సెలవుల్లో ఒక మధ్యాహ్నం ఫోను చేసింది. గొంతు వినగానే నేను మంచం పట్టె పట్టుకున్నాను.

"అమ్మా, లేదు."

"ఏది లేదు?"

"నీలో లేదు. సాత్విక్‌కి జన్యువులో ఏ ముక్క పోయిందో ఆ ముక్క నీలో సరిగ్గానే ఉంది. డాక్టరుకి పంపించి అడిగాను కూడా. నాకిక పరీక్ష అక్కర్లేదంది."

"వాళ్ళు పొరపాటు పడ్డారేమో. ఇంకొకళ్ళ రక్తంతో కలిసిపోయిందేమో. ఇంకోసారి చేయిద్దామా?"

"అమ్మా."

"ఏమో, ఉట్టినే అడుగుతున్నాను."

"లేదంటే లేదు. ఒక్కసారి, ఈ ఒక్కసారికి నమ్ము" అని భవిత ఏడ్చింది. అంతవరకూ ఒక్క కన్నీటి బొట్టు కూడా నా ముందు రాల్చని పిల్ల. తర్వాత ముక్కు చీది, "సంజనక్కకి ఇప్పుడే చెప్పకు" అని ఫోను పెట్టేసింది.

సంతోషం వస్తుందని చూశాను. పీట మీద కూర్చుని కాసేపు అలాగే చూశాను. వచ్చింది, రాలేదని అబద్ధం చెప్పను. కానీ దాని వెనకాలే ఇంకొకటి వచ్చింది. మా అమ్మకి ఇద్దరు ఆడపిల్లలం. పక్కపక్క మంచాల మీద పడుకుని పెరిగాం. ధైర్యం అంతా అక్కది, భయం అంతా నాది. బావిలోంచి పామును కర్రతో తీసి అవతల పారేసిన మనిషి అది. రేపు జరగబోయేదాని గురించి ఎప్పుడూ ఒక్క మాట అనేది కాదు. నేను ముప్ఫై ఏళ్ళుగా రోజూ ఏదో ఒక చెడ్డకి భయపడుతూ కూర్చుంటే, వచ్చిన చెడ్డ నన్ను తాకకుండా వెళ్ళి ఏ భయమూ లేని దాని ఇంట్లో కూర్చుంది.

సాయంత్రం అక్క ఫోను చేసింది. "ఏమైనా వచ్చిందా?" అని అడిగింది. ఇంకా రాలేదన్నాను. తెల్లారి అవనిగడ్డ మీదుగా నాగాయలంక వెళ్ళే బస్సెక్కాను. ఫోన్‌లో చెప్పలేని మాట ఎదురుగా ఎలా చెప్పగలననుకున్నానో నాకే తెలియదు.

నేను వెళ్ళేసరికి అక్క పెరట్లో పీట వేసుకుని రొయ్యలు ఒలుస్తోంది. బావగారు చెరువు దగ్గరికి వెళ్ళారు. సెలవులని సాత్విక్‌ని వాళ్ళమ్మ ఇక్కడ దింపి వెళ్ళింది. వాడు వసారాలో చాప మీద కూర్చుని బొమ్మ ట్రాక్టరుకి ట్రాలీ తగిలిస్తున్నాడు.

"చెప్పకుండా వచ్చావేంటే" అంది అక్క. ఆ తర్వాత నా మొహం చూసి మళ్ళీ రొయ్యలు అందుకుంది. "సరే, మంచిదే. లేదన్నారన్నమాట."

"నేనేం చెప్పలేదు కదా."

"చెడ్డగా వచ్చుంటే నువ్వు ఫోన్‌లోనే ఏడ్చేదానివి. ఇంత దూరం నోరు మూసుకుని బస్సులో కూర్చుని వచ్చావంటే మంచిగానే వచ్చుంటుంది."

"లేదుటక్కా" అన్నాను.

"భవితకి?"

"దానికిక అక్కర్లేదన్నారు."

"హమ్మయ్య" అంది. చేతులు ఆపలేదు. ఒక రొయ్య తల తీసింది, నరం లాగింది, గిన్నెలో వేసింది. ఇంకొకటి తీసుకుంది. "మంచిది. ఒక్కరన్నా..." అంది.

నేను మెట్టు మీద కూర్చుండిపోయాను. కళ్ళు తుడుచుకుంటుంటే, "అదిగో మొదలెట్టావా? ఉందేమోనని నెలరోజులు ఏడ్చావు, లేదని ఇప్పుడు ఏడుస్తున్నావు. నీకు ఎప్పుడేడవాలో ఇప్పటికీ తెలియదు" అంది.

"అమ్మ నాకు మంచిదిచ్చి నీకు..."

"అమ్మ ఏమన్నా చూసి పంచిందా? ఆవిడకి తెలుసా ఏంటి? తెలిసి పంచిన రోజుల్లో మాత్రం పెద్ద అట్టు నాకే వేసేది, గుర్తులేదా? నువ్వు అలిగి గోడవైపు తిరిగి తినేదానివి."

నవ్వొచ్చింది. నవ్వాక ఇంకా ఏడుపొచ్చింది. అక్క రొయ్యల గిన్నె పక్కకి జరిపి, చేతులు కడుక్కుని వచ్చి నా పక్కన మెట్టు మీదే కూర్చుంది. దాని దగ్గర పచ్చి రొయ్యల వాసన. కళ్ళ కింద ఇదివరకు లేని నల్లటి సంచులు.

"సంజనకి నేను చెప్తాను. నువ్వు చెప్పకు" అంది.

"ఎందుకు?"

"నువ్వు చెప్తే ఇలాగే ఏడుస్తావు. అప్పుడది నిన్ను ఓదార్చాలి. దానికిప్పుడు అంత ఓపిక లేదు."

నేను తల ఊపాను. అక్క చెప్పేది నిజం.

"ఇంకో మాట. భవిత సీమంతానికి సంజనని పిలవకు."

"అదేంటక్కా. ఒకే ఊళ్ళో ఉండి, అక్క వరసైనదాన్ని పిలవకపోతే వాళ్ళత్తగారు ఏమనుకుంటారు?"

"ఒంట్లో బాగాలేదని చెప్పు. పిలిస్తే అది వస్తుంది సూర్యం. చీర కట్టుకుని, నవ్వుకుంటూ వచ్చి, గాజులు తొడిగి వెళ్తుంది. ఇంటికెళ్ళాక ఏమవుతుందో నాకు తెలుసు. మొన్న దేనికో నా మీద అరిచింది. బావకిచ్చి చేసుంటే ఇదే వచ్చినా, కనీసం రాత్రిళ్ళు పక్కన నాకు తెలిసిన మనిషన్నా ఉండేవాడు కదా అంది. పిలవకపోతే నాలుగు రోజులు బాధపడుతుంది. అది నయం."

"భవిత ఒప్పుకోదేమో. దానికి అక్కంటే ప్రాణం."

"ఒప్పుకుంటుంది. నీకంటే దానికే బాగా అర్థమవుతుంది."

వసారాలోంచి సాత్విక్ పిలిచాడు. "చిన్నమ్మమ్మా, నీకు కూడా రక్తం తీశారటగా?"

"తీశార్రా."

"ఏడ్చావా?"

"కొంచెం."

"నాకు బోల్డుసార్లు తీశారు. నేనస్సలు ఏడవలేదు. అటు చూడకుండా ఇటు చూడాలి. అప్పుడు తెలియదు" అన్నాడు. తల అటు తిప్పి ఎలా చూడాలో చూపించాడు కూడా. ఆ ఉబ్బిన బుగ్గల్లో మా భాను మొహం వెతికాను. కనిపించలేదు. వాడి నవ్వు వాళ్ళ నాన్నది.

వాడికి పెరట్లోకి వెళ్ళాలట. లేవటానికి నేల మీద చేతులు ఆనించాడు. అక్క మోకాలు పట్టుకుని లేవబోయింది. నేను తీసుకెళ్తాలే అన్నాను. చేయి పట్టి లాగబోతే, "లాగకు, భుజం పట్టేస్తుంది. వెనక నుంచి చంకల కింద చేతులు పెట్టి ఎత్తు" అంది అక్క. అలాగే ఎత్తాను. అనుకున్నదానికంటే బరువున్నాడు. నా నడుము పట్టుకుంది. వాడు నా మీద ఆనుకుని నిలదొక్కుకుని, "ఇప్పుడు వదిలెయ్, నేను నడుస్తా" అన్నాడు. వదలటానికి నాకు ధైర్యం చాలలేదు. "వదులు చిన్నమ్మమ్మా" అన్నాడు మళ్ళీ. వదిలాను. మునివేళ్ళ మీద అటూ ఇటూ ఊగుతూ వెళ్ళాడు. నేను రెండు చేతులూ చాచి, తాకకుండా, వెనకాలే నడిచాను.

తిరిగొచ్చాక అక్క అంది, "వాడు ఏటేటా బరువెక్కుతాడు. నేను ఏటేటా ముసలిదాన్నవుతాను. సంజనకి ఉద్యోగం మానటం కుదరదు. ఇదివరకు నిన్ను అడగటానికి మొహం చెల్లలేదు, నీ ఇంట్లో ఏముందో తెలియదు కదా. భవిత పురుడు అయ్యాక నెలలో కొన్నాళ్ళు వచ్చి మా దగ్గర ఉండవే. గుడివాడలో అయినా, ఇక్కడయినా."

"నాకు భయమక్కా. ఎత్తేటప్పుడు పడేస్తానేమో."

"పడేస్తావు. నేనూ ఒకసారి పడేశాను. ఏడ్చాడు, ఊరుకున్నాడు."

"వస్తాను" అన్నాను.

అక్క రొయ్యల గిన్నె అందుకుని పొయ్యి దగ్గరికి వెళుతూ, బస్సుకి ఇంకా టైముంది, అన్నం తిని వెళ్ళమంది.